కళ్ళెంతో సహా

సారీబులాక్ అనే ఆ కొండ ఊళ్లో బురుల్చాను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. పెద్దలకీ పిల్లలకీ ఆమె ఆంబోతక్కే. ఒళ్లు చూసి పెట్టిన పేరు కాదది. మనిషి బక్కపలచన, తలకు గళ్ల రుమాలు, కాళ్లకు రబ్బరు బూట్లు. ఆ లోయలో ఎవరి ఆవు ఎదకొచ్చి అరిచినా కబురు ఆమెకే వెళుతుంది. చలిపొగలు కక్కే క్యానులో మేలుజాతి ఆంబోతుల విత్తనం పెట్టుకుని, ఇల్లిల్లూ తిరిగి ఆవులకు ఎద సూది వేయడం ఆమె పని. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టింది, మనవలు పుట్టాక కూడా మానలేదు. ఊళ్లో ఏ దూడను చూపించినా దాని తల్లి ఎవరో, అమ్మమ్మ ఎవరో చెప్పేస్తుంది. తండ్రి ఎవరని అడిగితే మాత్రం "నేనే!" అని నవ్వుతుంది.

ఈ తిరుగుడంతా ఒక మోటారు సైకిల్ మీద. రష్యా ఇనుము, జేగురు రంగు, కుడిపక్కన ఓ మనిషి కూర్చునే తొట్టి. జేగురు రంగు గుర్రాన్ని ఆ వైపు తోరూ అంటారు గనక ఆమె దాన్నీ తోరూ అనే పిలిచింది. సోవియట్ రోజుల్లో అది సర్కారు వ్యవసాయ క్షేత్రానిది. ఆ క్షేత్రం మూతపడి, ఉన్నదంతా జనానికి పంచిపెట్టిన ఏడాది అందరూ గొర్రెలు తీసుకున్నారు. బురుల్చా తన వాటా గొర్రెల్ని వదులుకుని తోరూను అడిగింది. ఊరంతా విరగబడి నవ్వింది.

"ఇనుము ఈనుతుందటే పిచ్చిమొహమా?" అని పక్కింటి జూరా మొహాన్నే అడిగింది.

"నేను రాకపోతే నీ ఆవూ ఈనదు, చూసుకో" అంది బురుల్చా.

మూడు చలికాలాలు తిరిగేసరికి ఆ గొర్రెలు కొన్ని మంచులో పోయాయి, కొన్ని పెళ్లిళ్లకీ చావులకీ కోతకెళ్లాయి. తోరూ మాత్రం ఏ రోజుకారోజు తన్నగానే లేచి ఇంటికి రొట్టె తెచ్చింది. పిల్లలిద్దరి చదువులు, ఇంటి కప్పు మీది రేకులు, మొగుడు ఇసాక్ నోట్లో కట్టుడు పళ్లు, అన్నీ దాని సంపాదనే. నవ్విన నోళ్లన్నీ తర్వాత ఆమె వాకిట్లో నిలబడి "అక్కా, మా ఆవు" అన్నాయి.

ఇసాక్ సంగతి కూడా చెప్పాలి. గుర్రం ఎక్కితే అతన్ని దించడం కష్టం. ఇంజను దగ్గర మాత్రం పిల్లి. వయసులో ఉన్నప్పుడు ఒకసారి తోరూ ఎక్కి తిన్నగా వెళ్లి గడ్డివాములో దూరాడు. "దీనికి చెవుల్లేవు, ఎటు చూస్తుందో తెలీదు" అని ఒట్టు పెట్టుకుని మళ్లీ హ్యాండిల్ ముట్టలేదు. తొట్టిలో కూర్చోవడానికి మాత్రం ఏ ఒట్టూ అడ్డం రాలేదు. తెల్ల ఫెల్టు టోపీ పెట్టుకుని, మోకాళ్ల మధ్య క్యాను పట్టుకుని, పెళ్లాం పక్కన దొరలా కూర్చునేవాడు. ఆమె సూది వేస్తుంటే ఆవు తోక పట్టుకునేవాడు, ఆ ఇంటివాళ్లిచ్చిన టీ తాగేవాడు, ఆ ఇంటి గొడవలన్నీ విని వచ్చేవాడు.

"ఏం ఇసాక్, నిన్ను కూడా ఆ చలి క్యానులో పెట్టి తిప్పుతోందా మీ ఆవిడ?" అని మగాళ్లు గుచ్చేవాళ్లు.

"నాకు డ్రైవరుంది. నీకుందా?" అనేవాడు ఇసాక్. ఆ జవాబు బురుల్చాకు ఎంత ఇష్టమో అతనికి ఎప్పుడూ చెప్పలేదు.

కిందటి శీతాకాలం ఒక మధ్యాహ్నం ఇద్దరూ పని ముగించుకుని ఇంటికొచ్చారు. గేటు తీయడానికి ఇసాక్ తొట్టి దిగాడు. ముందు నుంచి చుట్టి వచ్చి కుడి రెక్క తెరిచాడు, ఎడమ రెక్క వైపు నడిచి దాన్నీ తోశాడు. బురుల్చా చూసింది. గేటు తెరిచి ఉంది, దారి ఖాళీగా ఉంది. క్లచ్ వదిలింది. తోరూ ముందుకు ఉరికింది. మెత్తగా ఏదో తగిలింది. ఎవరిదో గొర్రె అడ్డం వచ్చిందనుకుని తిట్టబోయింది. మంచులోంచి తెల్ల టోపీ లేచింది, దాని కింద ఇసాక్.

"క్లచ్ జారిందా?" అన్నాడు తుంటి రుద్దుకుంటూ.

"జారింది" అందామె.

అది అబద్ధం. క్లచ్ జారలేదు. బండి ముందు ఎడమ పక్కన నిలబడిన మొగుడు ఆమెకు కనపడలేదు.

మర్నాడు ఆమె ఒక్కతే గేటు దగ్గర నిలబడి కుడికన్ను మూసింది. గేటు లేదు, కొండ లేదు, ఆకాశం కూడా లేదు, బూడిదరంగు తప్ప. కుడికన్ను తెరిచి ఎడమచేతిని పక్కకు చాపింది. చెయ్యి మోచేతి దగ్గరే మాయమైపోయింది. పన్ను నొప్పి అని ఇంట్లో చెప్పి వ్యానెక్కి నారిన్ పట్నం వెళ్లింది. అక్కడి కళ్ల డాక్టరమ్మ నీటికాసులంది. ఎడమ కన్ను దాదాపు పోయింది, కుడి కన్ను అంచు నుంచి పోవడం మొదలైంది. చుక్కల మందు వేసుకుంటే ఉన్నది నిలుస్తుంది, పోయింది రాదు. బండి నడపొచ్చా అని అడిగితే డాక్టరమ్మ ఆమె వయసు చూసి, ఏదో గుర్రబ్బండి అనుకుని, నెమ్మదిగా తోలుకోమంది. మోటారు సైకిల్ అని తెలిశాక కుర్చీలోంచి లేచింది.

తిరుగు వ్యానులోనే బురుల్చా తేల్చుకుంది. తోరూ తన వాకిట్లో ఉండకూడదు. ఉంటే నడుపుతుంది, తన సంగతి తనకు తెలుసు. ఆవు అరుస్తోందని ఎవరైనా పరుగెత్తుకొస్తే, కళ్లూ గిళ్లూ మరిచిపోయి కిక్కు కొడుతుంది. ఊళ్లో వాళ్లకు అమ్మినా లాభం లేదు, ఆ చప్పుడు వింటే కాళ్లు ఆగవు. కనుమ అవతలికి పోవాలి. ఇంకో మనిషి దాని కింద పడేలోపు పోవాలి.

ఇసాక్‌కు నిజం చెప్పలేదు. చెబితే తేలిగ్గా తీసిపారేస్తాడని, మళ్లీ తొట్టెక్కి కూర్చుంటాడని ఆమె భయం. "ముసలిదాన్నయ్యాను, అమ్మేస్తున్నా" అంది.

"ముసలిదానివైతే నువ్వు ఇంట్లో కూర్చో. తోరూ ఏం పాపం చేసింది? క్లచ్ బాగు చేయిద్దాం."

"అక్కర్లేదు."

"ఆ తొట్టి నా చోటే! ఇన్నేళ్లు కూర్చున్నా. నా చోటు అమ్మడానికి నువ్వెవరివి?"

"డ్రైవర్ని" అందామె, పిండి కలుపుతూనే. చలికాలమంతా ఇద్దరి మధ్యా ఈ మాటే నలిగింది. ఇసాక్ క్లచ్ అన్నాడు, ఆమె ముసలితనం అంది. తోరూ పాకలో గోనెపట్టాల కింద పడుకుంది, ఒక్క రోజు కూడా ఆమె దాన్ని లేపలేదు. ఆ చలికి లోయలో ఏ ఆవూ ఎదకు రాలేదు, అదే మేలైంది.

మంచు కరిగి కనుమ తెరుచుకున్నాక అవతలి లోయ నుంచి దోలోత్ అనే అతను ఫోన్ చేశాడు. పెట్టెల్లో తేనెటీగల్ని పెంచేవాడు, పూలు ఎక్కడుంటే అక్కడికి పెట్టెలు మోయాలి. ధర ఫోన్లోనే కుదిరింది. ఆదివారం పొద్దెక్కాక చిన్నాన్న కెరీమ్‌కుల్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. కెరీమ్‌కుల్ గడ్డం నెరిసిన పెద్దమనిషి. భుజాన ఎర్ర ఉన్నితో పేనిన కొత్త గుర్రపు కళ్ళెం వేసుకుని వచ్చాడు. మోటారు కొన్నా ఆ వైపు ఆచారం గుర్రానిదే, కొన్నవాడు తన కళ్ళెం తెచ్చుకోవాలి మరి. అమ్మేవాడు గుర్రాన్ని ఇస్తాడు గానీ కళ్ళెం ఇవ్వడు.

బురుల్చా వాళ్లకు టీ పోసి, నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టెలూ మీగడా ముందు పెట్టి, దోలోత్‌ను వాకిట్లోకి పిలిచింది.

"అదిగో, ఆ కొండ మీద గుర్రాలు కనపడుతున్నాయా? ఎన్ని?"

దోలోత్ తికమకపడ్డాడు. "నాలుగమ్మా. ఒకటి పిల్లతల్లి."

"పిల్ల ఏ రంగు?"

"నల్లది. కాళ్లు తెలుపు."

"పక్కకు చూడకు. నా మొహం చూస్తూ చెప్పు, నీ ఎడమ పక్కన ఏముంది?"

"కోడి. చీపురు. చీపురు పట్టుకుని ఒకావిడ నవ్వుతోంది."

ఆ నవ్వేది జూరా. "ఇదేం పెళ్లిచూపులే తల్లీ! పాట కూడా పాడించు!" అని గోడ అవతలి నుంచి కేకేసింది. బురుల్చా నవ్వలేదు. బండి ఇతనికే అని లోపల అనుకుంది.

అప్పుడు పాక తలుపు తీసింది.

పాకలో తోరూ గోనెపట్టాలు లేకుండా నిలబడి ఉంది. తొట్టిలో ఇసాక్ కూర్చుని ఉన్నాడు. అతని ఒళ్లో తోరూ హ్యాండిల్ ఉంది. తీగలు ఇంకా ఊడలేదు, హ్యాండిల్ నుంచి బండికి పేగుల్లా వేలాడుతున్నాయి. ఇసాక్ చేతులు మోచేతుల దాకా నల్లటి గ్రీజు. పుట్టిన తర్వాత అతను స్పానర్ పట్టుకోవడం అదే మొదలు, పొద్దుటి నుంచీ ఆ పనే చేసినట్టున్నాడు.

"ఏం చేశావయ్యా?" అంది బురుల్చా.

"కళ్ళెం తీశా" అన్నాడు ఇసాక్. "అమ్మేటప్పుడు కళ్ళెం ఇంట్లో ఉంచుకోవాలి కదా. మా తాత ఉంచుకున్నాడు, మా నాన్న ఉంచుకున్నాడు. ఇదిగో, నేను ఉంచుకుంటున్నా."

"మోటారు సైకిల్‌కు కళ్ళెం ఏంటి తాతా?" అన్నాడు దోలోత్.

"గుర్రం తల తిప్పేదేంటి? కళ్ళెం. దీని తల తిప్పేదేంటి? ఇది. నీకు తెలీకపోతే మీ చిన్నాన్నను అడుగు."

దోలోత్ ఆశగా చిన్నాన్న వైపు చూశాడు. కెరీమ్‌కుల్ గడ్డం నిమురుకుంటూ తోరూ చుట్టూ ఒకసారి తిరిగాడు. "తాళంచెవి కళ్ళెం అనుకుంటూ వచ్చాను నేను" అన్నాడు చివరికి. "కానీ ఈయన చెప్పింది న్యాయంగానే ఉంది. తాళంచెవి తల తిప్పదు."

"చిన్నాన్నా! హ్యాండిల్ లేకుండా కనుమ ఎలా దాటిస్తాం?"

"అది నాకు తెలీదురా. కళ్ళెంతో తెచ్చుకుంటే వాళ్లింటి బరకత్, ఆ ఇంటికి కలిసొచ్చే అదృష్టం, మనం లాక్కుపోయినట్టే. ఆ పాపం నాకొద్దు. ఈయన ఇవ్వనంటే మనం టీ తాగాం, దండం పెట్టి వెళ్లిపోదాం."

జూరా అప్పటికే గోడ దాటి వచ్చేసింది. "మీ ఇద్దరికీ మతి లేదు. దీనికి కళ్ళెం ఇసాకే. ఇన్నేళ్లు తొట్టిలో కూర్చుని ఇటు తిప్పు అటు తిప్పు అన్నదెవరు? ఆయన్ని ఇంట్లో ఉంచుకుని బండి ఇచ్చెయ్యండి."

అందరూ నవ్వారు, ఇసాక్ కూడా నవ్వాడు, కానీ హ్యాండిల్ మీది పట్టు వదల్లేదు. దోలోత్ నిలబడిపోయాడు. కెరీమ్‌కుల్ ఎర్ర కళ్ళెం మళ్లీ భుజాన వేసుకున్నాడు. వాళ్లు వెళ్లిపోతే ఏమవుతుందో బురుల్చాకు తెలుసు. ఇసాక్ ఎవరో మెకానిక్‌ను పిలిపించి హ్యాండిల్ బిగిస్తాడు, లేని క్లచ్ జబ్బు బాగు చేయిస్తాడు, టోపీ సర్దుకుని తొట్టిలో కూర్చుంటాడు. ఏదో ఒక రోజు ఆమె కిక్కు కొడుతుంది. ఆ తర్వాతి రోజు గేటు దగ్గర అతను మళ్లీ ఎడమ రెక్క వైపు నడుస్తాడు.

"ఇసాక్" అందామె.

ఆ వైపు ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో అనరు. పెళ్లైన నాటి నుంచీ ఏమయ్యా తప్ప ఇంకో మాట ఆమె నోట ఎవరూ వినలేదు. ఇసాక్ టోపీ వెనక్కి నెట్టుకుని ఆమె వైపు చూశాడు.

"క్లచ్ జారలేదు" అంది బురుల్చా. "నువ్వు కనపడలేదు నాకు."

"ఎప్పుడు?"

"గేటు దగ్గర. తిన్నగా ముందుకే చూస్తున్నా. గేటు కనపడింది, దారి కనపడింది. నువ్వు కనపడలేదు. గుద్దాక కూడా గొర్రె అనుకున్నా."

"గొర్రె అనుకున్నావా!" అన్నాడు ఇసాక్, అన్నిటికంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకున్నట్టు.

"ఎడమ కన్ను పోయింది. రెండోదీ అటు నుంచే పోతోంది. రాదట. నారిన్ వెళ్లింది పన్ను నొప్పికి కాదు."

జూరా చీపురు కింద పెట్టింది. ఇసాక్ తన గ్రీజు చేతుల వైపు చూసుకుని, "చెబితే దగ్గుతూ నడిచేవాణ్ని కదే. ఎక్కడున్నానో వినపడేది" అన్నాడు.

"ఇట్లా అంటావనే చెప్పలేదు. ఏదో ఒక రోజు నీకు దగ్గు రాదు. నేను నిన్ను చంపుతా. చంపి, గొర్రె అనుకుంటా." ఆమె తొట్టి దగ్గరకు ఒక అడుగు వేసింది. "కళ్ళెం ఎందుకు ఉంచుకుంటారు? ఇంకో గుర్రం తెచ్చి కట్టడానికి. నేను ఇంకో గుర్రం కట్టను. బరకత్ అంటావా, ఆ రోజు నువ్వు మంచులోంచి లేచావు. నా ఇంటి బరకత్ అంతే, అది నాకు చాలు, అది ఇంట్లోనే ఉంటుంది. ఈ ఇనుములో ఇంకేమైనా మిగిలి ఉంటే ఈ పిల్లాడు పట్టుకుపోనీ. కళ్ళెంతో సహా ఇస్తున్నా."

ఇసాక్ కదల్లేదు. అతను కాదంటే ఆమె అతని ఒళ్లోంచి హ్యాండిల్ లాగేసుకునేదే. ఆ సంగతి ఆమె మొహంలో అతనికి కనపడింది. అతను నెమ్మదిగా తొట్టిలోంచి ఒక కాలు బయట పెట్టాడు, తర్వాత ఇంకోటి. నిలబడి హ్యాండిల్ దోలోత్ చేతుల్లో పెట్టాడు.

"నువ్వే బిగించుకో. నాకు విప్పడం ఒక్కటే వచ్చు" అన్నాడు.

దోలోత్ బిగించాడు. బురుల్చా పక్కనే నిలబడి ఏ నట్టు ఎంత తిప్పాలో చెప్పింది. బ్రేకు తీగ గట్టిగా లాగకూడదంది, దిగుడులో గేరు తీసేయకూడదంది, ఎంత చలిలోనైనా తిట్టకూడదంది. చెయ్యి మాత్రం వేయలేదు. వేస్తే తీయలేనని తెలుసు. కెరీమ్‌కుల్ తాను తెచ్చిన ఎర్ర కళ్ళెం ఇసాక్ మెడలో వేశాడు. "కళ్ళెంతో ఇచ్చారంటే అమ్మినట్టు కాదు, ఇచ్చినట్టు. ఈ రోజు నుంచి మనం చుట్టాలం. తేనె తీయగానే మీకు మొదటి డబ్బా" అన్నాడు. ఇసాక్ మెడలో కళ్ళెం చూసి జూరా పకపకా నవ్వి, నవ్వుతూనే తల రుమాలు అంచుతో కళ్లు తుడుచుకుంది.

"రెండుసార్లు ఊరికే తొక్కు. మూడోసారి గట్టిగా తన్ను" అంది బురుల్చా. దోలోత్ తన్నాడు. తోరూ లేచింది. ఎప్పటిలాగే ముందు దగ్గి, తర్వాత గొంతు సవరించుకుని గుడగుడలాడింది. తొట్టిలో కెరీమ్‌కుల్ కూర్చున్నాడు. గేటు రెండు రెక్కలూ ఇసాకే తెరిచి పట్టుకున్నాడు. బండి గేటు దాటి, వంతెన దాటి, కనుమ దారి ఎక్కింది. మలుపు దగ్గర కనపడకుండా పోయింది. చప్పుడు ఇంకా కాసేపు వినపడి అదీ ఆగిపోయింది. బురుల్చా గేటు స్తంభం పట్టుకుని ఏడ్చింది. ఆపుకోలేదు, ఆపుకోవాలని అనుకోనూ లేదు. సగం బతుకు దాని మీద గడిపింది, మరి ఏడవదా?

ఆమె ముక్కు తుడుచుకునేదాకా ఆగి జూరా నసిగింది. "అక్కా, చుట్టాలున్నారని చెప్పలేదు. పొద్దుటి నుంచీ మా చెల్లెలి ఆవు ఒకటే అరుపు. వంతెన అవతలి ఇల్లు కదా... రేపు చూద్దాంలే."

"రేపటికి ఎద దాటిపోతుంది" అంది బురుల్చా. రుమాలు బిగించి కట్టుకుని, లోపలికి వెళ్లి క్యాను పట్టుకొచ్చింది. తోరూ తొట్టిలో ఉన్నప్పుడు దాని బరువెంతో ఆమెకు ఎప్పుడూ తెలియలేదు. రెండడుగులు వేసేసరికి భుజం లాగింది. ఇసాక్ కుంటుకుంటూ వచ్చి క్యాను పిడి ఒక పక్క పట్టుకున్నాడు.

ఎడమ పక్క.

"కుడివైపుకు రావయ్యా. ఎప్పుడూ అటే కదా నువ్వు కూర్చునేది. ఇటుంటే కనపడవు."

"కుడివైపు నీకు కన్నుంది. ఇటువైపు నేనుంటా" అన్నాడు ఇసాక్. "నడువు. ముందు గుంట ఉంది. గుంట తర్వాత జూరా వాళ్ల కుక్క పడుకుని ఉంది, దాన్ని తొక్కి గొర్రె అనుకోకు."

ఆమెకు అతను కనపడలేదు. గొణుగుతూ పక్కనే నడిచాడు, ఆమె గుంట దాటింది, కుక్కను దాటింది, ఇద్దరూ వంతెన వైపు వెళ్లారు.